బోర్డు మీది పేరు: గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్

ప్రతి ఏడూ మన గోడపత్రికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మంటే సగం మంది విశ్వేశ్వరయ్యగారిని రాస్తారు. ముద్దేనహళ్ళి మన జిల్లాలోనిదే కాబట్టి అది న్యాయమే. మిగిలిన సగం మంది కైవారం తాతయ్యను రాస్తారు. చింతామణి తాలూకాలో పుట్టి ఆయన్ని రాయకపోతే ఎట్ల? పోయినేడు నేనూ కైవారం తాతయ్యనే రాసినా. ఈసారి మాత్రం మన జిల్లాకు సంబంధం లేని ఒకాయన్ని ఎంచుకొన్నా.

సంబంధం బొత్తిగా లేదని కూడా అనలేను. చింతామణిలో బెంగళూరు బస్సెక్కినవాళ్ళం మనమంతా ఆయన పేరున్న రోడ్డు ముందరినుంచే పోతాం. హెచ్.క్రాస్, హొసకోట, కె.ఆర్.పురం, టిన్ ఫ్యాక్టరీ అన్నీ దాటి బయ్యప్పనహళ్ళి మెట్రో దగ్గరికి వచ్చినాక ఎడమపక్కకు ఒక రోడ్డు చీలుతుంది. సురంజన్ దాస్ రోడ్ అని బోర్డు ఉంటుంది. చిన్నప్పటినుంచి ఆ బోర్డు చూస్తానే ఉండాను. కనకదాసు, పురందరదాసు మాదిరి ఈయన కూడా కీర్తనలు పాడిన ఒక దాసుగారేమో అనుకొన్నా. ఒకసారి తాతను కంటి డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోతా ఉంటే బస్సులో ఈ మాటే అన్నా. తాత నవ్వుతాడనుకొంటి. నవ్వలేదు. ఆ రోడ్డు మలుపు వెనక్కి పోయేదాకా కిటికీలోంచి చూస్తా ఉండి, ఆయన పాటలు పాడినవాడు కాదు, విమానాలు నడిపినవాడు, అందరికంటే ముందు నడిపినవాడు అని చెప్పినాడు.

తాత అంటే మా అమ్మకు నాయన. బెంగళూరులో ఒక ఇంజిన్ల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా పనిచేసి, రిటైరై ఊరికి వచ్చేసినాడు. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాయనది కన్నడం. తాత మాట్లాడేది తెలుగే కాని, ఇంజిన్ భాగాల పేర్లన్నీ ఇంగ్లీషులో, కోపమొస్తే తిట్లన్నీ కన్నడంలో వస్తాయి. ఈ వ్యాసంలో ఇంజిన్ల గురించి ఉండేదంతా ఆయన నేర్పిందే.

సురంజన్ దాస్ 1920లో ఒక పెద్ద బెంగాలీ కుటుంబంలో పుట్టినారు. తండ్రి సుధీరంజన్ దాస్ చిన్నప్పుడు శాంతినికేతన్‌లో రవీంద్రుని దగ్గర చదువుకొన్నవారు. న్యాయశాస్త్రం చదివి, న్యాయమూర్తి అయి, 1956 నుంచి 1959 వరకు భారతదేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. బావ అశోక్ కుమార్ సేన్ కేంద్రంలో న్యాయశాఖ మంత్రి. ఇంట్లో ఎటు చూసినా కోర్టూ, చట్టమూ, పుస్తకాలే. ఆ ఇంట్లో కొడుకు నల్లకోటు తొడుక్కొంటే అడిగేవాళ్ళు ఉండరు. అయినా ఆయన వాయుసేన యూనిఫాం తొడుక్కొన్నారు. కోర్టులో తప్పు తీర్పు వస్తే పైకోర్టుకు పోవచ్చు. ఆయన ఎంచుకొన్న పనిలో మాత్రం అప్పీలు లేదు.

ఎందుకంటే ఆయన మామూలు పైలట్‌తో ఆగిపోలేదు. ఇంగ్లండ్‌లో ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్ అని ఉంది. అక్కడ శిక్షణ పొందిన తొలితరం భారతీయుల్లో ఆయన ఒకరు. మామూలు పైలట్‌కూ టెస్ట్ పైలట్‌కూ తేడా నాకు మొదట తెలియలేదు. మామూలు పైలట్ ఎక్కేది అప్పటికే వందలసార్లు ఎగిరి, ఏ వేగంలో ఎట్లా నడుస్తుందో పుస్తకంలో రాసిపెట్టిన విమానం. ఆ పుస్తకం రాసేది టెస్ట్ పైలట్. కాగితం మీద గీసిన బొమ్మ, లెక్కలు, గాలి సొరంగంలో చేసిన పరీక్షలు అన్నీ సరిగానే ఉంటాయి. అయినా ఇంతవరకూ ఎవరూ ఎక్కని విమానంలో ఎవరో ఒకరు మొదట ఎక్కాలి గదా. ఎక్కి, ఏం జరుగుతుందో గమనించి, కిందికి దిగి, భయం లేకుండా, గొప్పలు లేకుండా ఉన్నదున్నట్టు చెప్పాలి. ధైర్యం ఎంత ముఖ్యమో నిజం చెప్పడం కూడా అంత ముఖ్యం. ఆ లెక్కన తండ్రి పనికీ కొడుకు పనికీ మరీ అంత దూరమేమీ లేదనిపించింది నాకు.

ఆయన పని చేసింది మన పక్కనే, బెంగళూరులో. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మైసూరు సంస్థానం సాయంతో అక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టినారు. మనం హెచ్.ఎ.ఎల్. అంటామే, అదే. స్వాతంత్ర్యం వచ్చినాక మన యుద్ధవిమానం మనమే చేసుకోవాలని నెహ్రూ ప్రభుత్వం అనుకొంది. అందుకోసం కుర్ట్ టాంక్ అనే జర్మన్ రూపశిల్పిని పిలిపించింది. రెండో ప్రపంచయుద్ధంలో పేరు మోసిన ఫోకే వుల్ఫ్ 190 విమానాన్ని రూపొందించింది ఆయనే. 1956లో ఆయన బెంగళూరు వచ్చి మన ఇంజనీర్లతో కలిసి పని మొదలుపెట్టినారు. తయారయ్యే విమానానికి హెచ్.ఎఫ్.24 అని నంబరు, మరుత్ అని పేరు. తెలుగు చదివే మనకు ఆ పేరు వెంటనే తెలుస్తుంది. మరుత్తు అంటే గాలి. మారుతి అంటే ఆ గాలి కొడుకు. అదే కార్ఖానాలో చేసిన మిగతా విమానాల పేర్లు కూడా పుష్పక్, కృషక్, కిరణ్. మన తెలుగు శాఖవాళ్ళే కూర్చొని పెట్టినట్టు ఉండాయి!

విమానం గీత బాగా కుదిరింది. ముందు కొయ్యతో నిజమైన కొలతల్లో ఒక గ్లైడర్ చేసి, డకోటా విమానానికి తాడుతో కట్టి, పైకి తీసుకొనిపోయి వదిలి, 78 సార్లు ఎగరేసి చూసినారు. అంతా సరిపోయింది. సరిపోనిది ఒక్కటే, ఇంజిన్.

మరుత్ కోసం టాంక్ మనసులో పెట్టుకొన్నది బ్రిటన్ బ్రిస్టల్ కంపెనీ చేయబోయే ఆర్ఫియస్ 12 అనే ఇంజిన్. ఆఫ్టర్‌బర్నర్‌తో కలిపి అది ఒక్కొక్కటి దాదాపు 3,700 కిలోల తోపుడు ఇవ్వాలి. అట్లాంటివి రెండు ఉంటే విమానం ధ్వనికి రెండింతల వేగంతో పోతుందని లెక్క. కాని ఆ ఇంజిన్‌ను పూర్తిచేసే ఖర్చు బ్రిటన్ పెట్టలేదు, మనమూ పెట్టలేదు. అది తయారు కానేలేదు. చివరికి బెంగళూరులో లైసెన్సు మీద చేస్తున్న ఆర్ఫియస్ 703 ఇంజిన్లు రెండు పెట్టుకోవాల్సి వచ్చింది. దాని తోపుడు ఒక్కొక్కదానికి 2,200 కిలోలు మాత్రమే. ఎద్దుల బండికి కోడెలు దొరక్క దూడలు కట్టినట్టు అయిందని తాత అంటాడు. ఇంజిన్ మంచిదే, నమ్మకమైనదే. బండే దానికి పెద్దది.

ఇక్కడ జెట్ ఇంజిన్ అంటే ఏమిటో చెప్పాలి. నేను ఆర్ట్స్ దాన్ని, కాబట్టి నాకు తెలిసిన మాదిరే చెప్తా. మా అవ్వ పొయ్యి ముందర కూర్చొని ఊదుగొట్టంతో ఊదేది. గాలి గట్టిగా తగిలితే మంట లేస్తుంది. జెట్ ఇంజిన్‌లో ఆ ఊదే పని కంప్రెసర్‌ది. ముందరినుంచి గాలిని పీల్చి, వరుస వరుసగా తిరిగే బ్లేడ్ల మధ్య నలిపి నలిపి లోపలికి తోస్తుంది. ఆర్ఫియస్‌లో అట్లాంటి వరుసలు ఏడు. ఆ నలిగిన గాలిలో కిరసనాయిలు లాంటి ఇంధనం చల్లి మండిస్తారు. మండిన గాలి ఉబ్బి వెనక్కి దూకుతుంది. దూకేముందు టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రమే ముందరి కంప్రెసర్‌ను తిప్పుతుంది. అంటే మంటే ఊదుగొట్టాన్ని ఊదుతుంది, ఊదుగొట్టం మంటను లేపుతుంది. మిగిలిన గాలి వెనకనుంచి వేగంగా పోతూ విమానాన్ని ముందుకు తోస్తుంది, తారాజువ్వ పోయినట్టు.

చెప్పడానికి ఇంతే. కాని ఆ చక్రం నిమిషానికి దాదాపు పదివేల చుట్లు తిరుగుతుంది. టర్బైన్ దగ్గర ఇనుము ఎర్రబారేటంత వేడి. ఒక్కొక్క బ్లేడు బరువు చూస్తే గ్రాముల్లో ఉంటుంది, తిరిగేటప్పుడు మాత్రం టన్నుల బలంతో బయటికి గుంజుతుంది. అందులో ఒకటి విరిగితే అది తూటా మాదిరే. కాబట్టి ఇంజిన్‌ను విమానంలో పెట్టకముందే నేలమీద నడిపి చూడాలి. తాత జీవితమంతా గడిచింది ఆ పనిలోనే.

ఇంజిన్ నడిపి చూసే గదిని టెస్ట్ బెడ్ అంటారు. మందమైన గోడలు. ఇంజిన్‌ను ఒక ఉయ్యాల లాంటి స్టాండుకు బిగిస్తారు. అది ముందుకు ఎంత బలంతో తోస్తుందో ఆ స్టాండే కొలుస్తుంది. నడిపేవాళ్ళు పక్కగదిలో, మందపు అద్దం వెనక ఉంటారు. మొదట గాలితోనో మోటారుతోనో చక్రాన్ని తిప్పుతారు. తగినంత వేగం వచ్చినాక ఇంధనం వదిలి అంటిస్తారు. అప్పుడు అందరి కళ్ళూ వేడి చూపే ముల్లు మీదే. అది సర్రున పైకి లేస్తే ఆలోచించే పని లేదు, ఇంధనం మూసేయాల్సిందే. అట్లా కాక నెమ్మదిగా నిలబడితే, కాసేపు తక్కువ వేగంలో ఉంచి, మెట్టు మెట్టుగా పెంచుకొంటూ పోతారు. ప్రతి మెట్టులో చుట్లు ఎన్ని, తోపుడు ఎంత, ఇంధనం ఎంత తాగింది, నూనె ఒత్తిడి ఎంత, వణుకు ఎంత అని రాసుకొంటారు. ఆపేటప్పుడు కూడా ఒకేసారి ఆపరు. కాసేపు చల్లారనిచ్చి ఆపుతారు. ఆపినాక చక్రం తనంతట తాను నిలిచేదాకా ఎన్ని సెకండ్లు పట్టిందో లెక్కపెడతారు. తొందరగా నిలిస్తే లోపల ఏదో రాసుకొంటా ఉందని అర్థం. చెవి పెట్టి వింటారు కూడా.

మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా తాత ఫ్యాన్ వైపు చూసి లోలోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. ఎందుకో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. ముసలాయనకు తోచక చేస్తా ఉండాడనుకొనేదాన్ని. పోయిన ఎండాకాలం హాల్లో ఫ్యాన్ బేరింగు పోయిందని, అది పాడవడానికి రెండు వారాల ముందే చెప్పినాడు.

ఇంజిన్ నూనె పోయే దారిలో ఒక చిన్న అయస్కాంతపు బిరడా ఉంటుందంట. దాన్ని విప్పి చూస్తే, లోపల ఏ భాగమైనా అరిగిపోతా ఉంటే ఇనుప పొడి దానికి అంటుకొని ఉంటుంది. పొడి సన్నగా ఉంటే ఒక మాట, పెచ్చులుగా ఉంటే ఇంకొక మాట. డాక్టరు నాలుక చూసినట్టు. ఇంకొక విషయం, పని ముగిసినాక పనిముట్లన్నీ లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నీ బోర్డు మీద దాని బొమ్మ గీసిన చోటే తగిలించాలి. ఒక్క బొమ్మ ఖాళీగా కనిపించినా విమానం కదలకూడదు. ఆ స్పానర్ ఇంటికి పోయిందో ఇంజిన్ లోపల ఉందో ఎవరికి తెలుసు? జేబులో పెన్ను కూడా పెట్టుకోకుండా లోపలికి పోవాలి. విమానానికి బిగించినాక మళ్ళీ నేలమీదే నడిపి చూస్తారు. చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందరి నోటికి జాలీ బిగించి, ఫైరింజను పక్కన నిలబెట్టి. నడుస్తున్న జెట్ ఇంజిన్ నోటి ముందర మనిషి నిలబడితే లోపలికి లాగేస్తుంది, వెనక నిలబడితే కాల్చి విసిరేస్తుంది.

ఇదంతా అయినాక సంతకం. వాయుసేనలో ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది, ఫారం 700 అంటారు. ఇంజిన్ చూసినవాడు, కరెంటు చూసినవాడు, ఆయుధాలు చూసినవాడు వరుసగా తమ పేరూ సంతకమూ పెట్టాలి. చివర పైలట్ అవన్నీ చూసి, ఈ విమానాన్ని నేను తీసుకొంటున్నా అని కింద సంతకం పెట్టి ఎక్కుతాడు. పైన సంతకం పెట్టినవాళ్ళంతా నేలమీదే ఉండిపోతారు. కింద సంతకం పెట్టినవాడు ఒక్కడే పైకి పోతాడు. ఈ మాట చెప్పినప్పుడు తాత గొంతు మారింది. నాకు సురంజన్ దాస్ జీవితం అర్థమైంది అప్పుడే.

1961 జూన్ 17. బెంగళూరు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయంలో మొదటి మరుత్ రన్‌వే మీద నిలబడింది. లోపల వింగ్ కమాండర్ సురంజన్ దాస్. మన దేశంలో అంతవరకూ జెట్ యుద్ధవిమానం ఒకటి గీసి, కట్టి, ఎగరేసింది లేదు. ఆ పొద్దు ఎగిరింది. బెంగాలీ పైలట్, జర్మన్ రూపశిల్పి, బ్రిటిష్ ఇంజిన్, వీళ్ళ వెనక కన్నడం, తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడే వందల మంది ఫిట్టర్లు. పేరు మాత్రం సంస్కృతం! ఐరోపా, అమెరికా, రష్యాల బయట అట్లాంటి పని అప్పటికి చేసిన దేశాలు చాలా తక్కువ.

మూడేళ్ళ తర్వాత, 1964 సెప్టెంబరు 4న ఇంకొక కొత్త విమానాన్ని మొదటిసారి ఎగరేసింది కూడా ఆయనే. అది కిరణ్, జెట్ నడపడం నేర్పే శిక్షణ విమానం. దశాబ్దాల పాటు మన వాయుసేన పైలట్లు అక్షరాభ్యాసం చేసింది దాని మీదే. ఏరో ఇండియా ప్రదర్శనలో తొమ్మిది ఎర్ర విమానాలు వరుస కట్టి తిరిగేవి, సూర్యకిరణ్ బృందం, అవి చాలా ఏళ్ళు ఈ కిరణ్‌లే. యలహంక మనకు దగ్గరే కాబట్టి మీలో కొందరి అమ్మానాయనలు చూసే ఉంటారు.

మరుత్ 1967లో వాయుసేనలో చేరింది. అందరూ మెచ్చుకొన్నారు. తిప్పినట్టు తిరుగుతుంది, నేలకు దగ్గరగా వేగంగా పోయినా అదరదు, గట్టి విమానం. కాని బలం చాలదు. ధ్వనికి రెండింతలు పోవాల్సింది ధ్వనివేగం అంచు దగ్గరే ఆగిపోతా ఉంది. సరైన ఇంజిన్ కోసం ఎన్ని గడపలు తొక్కినారో! ఈజిప్టులో తయారవుతున్న ఒక ఇంజిన్ కోసం మన మరుత్‌ను ఒకదాన్ని హెల్వాన్ దాకా పంపించి, అక్కడ ఒకపక్క వాళ్ళ ఇంజిన్, ఇంకొకపక్క ఆర్ఫియస్ పెట్టి 1967లో ఎగరేసి చూసినారు. ఆ ఏడే యుద్ధం వచ్చి, తర్వాత ఆ పని ఆగిపోయింది. అడిగినచోటల్లా ఏదో ఒక అడ్డం. పెళ్ళిచూపులకు తిరిగినట్టే ఉంది ఆ కథంతా.

అప్పుడు మనవాళ్ళే ఒక దారి వెతికినారు. బెంగళూరులో గ్యాస్ టర్బైన్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. ఉన్న ఆర్ఫియస్‌కే వెనక రీహీట్ తగిలిస్తే బలం పెరుగుతుందని వాళ్ళు పని మొదలుపెట్టినారు. రీహీట్ అన్నా ఆఫ్టర్‌బర్నర్ అన్నా ఒకటే. టర్బైన్ దాటి వెనక్కి పోతున్న వేడిగాలిలో ఇంకా కాలని ప్రాణవాయువు మిగిలి ఉంటుంది. అందులో మళ్ళీ ఇంధనం చల్లి మళ్ళీ మండిస్తే తోపుడు పెరుగుతుంది. హోమంలో నెయ్యి వేస్తే మంట భగ్గుమని లేచినట్టు. ఆర్ఫియస్‌కు అట్లా సుమారు 18 శాతం బలం పెరిగింది. 2,200 కిలోలు 2,600 దరిదాపుల్లోకి వచ్చింది.

హోమంలో నెయ్యి వేయడం సులభమే, రన్‌వే మీద వేయడం సులభం కాదు. వెనక గొట్టం పెద్దది చేయాలి. పెద్దది చేస్తే విమానం తోక లావవుతుంది, గాలి వెనక్కి గుంజడం ఎక్కువవుతుంది. మంట అంటుకోవాల్సిన క్షణంలో అంటుకోవాలి, ఆరిపోకూడదు, గొట్టాన్ని కాల్చకూడదు. రెండు ఇంజిన్లున్న విమానంలో రెండుపక్కలా సమంగా ఉండాలి. ఇవన్నీ నేలమీద ఎన్నిసార్లు నడిపి చూసినా, నేలమీద తెలిసేది కొంతే. మిగతాది పైకి పోయి తెలుసుకోవాల్సిందే. పైకి పోయేది ఎవరు?

1970 జనవరి 10. అప్పటికి ఆయన గ్రూప్ కెప్టెన్. మరుత్‌ను మొట్టమొదట ఎగరేసి తొమ్మిదేళ్ళు కావస్తా ఉంది. ఇల్లు, పేరు, హోదా, అనుభవం అన్నీ ఉన్న మనిషి. నేను ఎక్కను, చిన్నవాళ్ళను ఎక్కించండి అన్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. రీహీట్ తగిలించిన మరుత్‌లో ఆయనే కూర్చొన్నారు. అదే హెచ్.ఎ.ఎల్. రన్‌వే మీదినుంచి విమానం లేచింది. లేచిన కొద్దిసేపట్లోనే కూలిపోయింది. ఆయన బతకలేదు. తండ్రి సుధీరంజన్ దాస్ అప్పటికి ఇంకా ఉన్నారు. వందల కేసుల్లో తీర్పు చెప్పిన ఆ పెద్దాయన ఈ తీర్పును ఎట్లా విన్నారో తలుచుకొంటేనే ఏదో అవుతుంది. ఆ ఏడే ప్రభుత్వం సురంజన్ దాస్‌కు పద్మభూషణ్ ఇచ్చింది.

తాత పనిలో చేరింది దాని తర్వాత. కాని పాతవాళ్ళు ఎవరైనా ఆ రోజు మాట ఎత్తితే టీ తాగేవాళ్ళు కూడా గ్లాసు కింద పెట్టేవాళ్ళంట. ఇంజిన్ల పని తెలిసినవాళ్ళకు, ఏ ఊరి ఏ కార్ఖానాలోవాళ్ళకైనా, విమానం ఒకటి పడిపోయిందంటే మొదట గుర్తొచ్చేది తమ సంతకమేనంట. నేను చూసిన బోల్టు కాదు గదా, నేను బిగించిన పైపు కాదు గదా అని. ఆ రాత్రి ఎవరికీ నిద్ర రాదు.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1971 డిసెంబరు యుద్ధంలో మరుత్‌లు రాజస్థాన్ ఎడారి మీద పోరాడినాయి. కిందినుంచి తూటాలు తగిలి ఒక ఇంజిన్ ఆగిపోయినా, రెండో ఇంజిన్‌తోనే ఇంటికి చేరిన సందర్భాలు మూడైనా ఉన్నాయి. బలం చాలదని అందరూ పెదవి విరిచిన ఆ ఆర్ఫియస్ ఇంజిన్లే తమ పైలట్లను తిరిగి తెచ్చినాయి. మొత్తం 147 మరుత్‌లు తయారైనాయి. 1990 నాటికి అవన్నీ సేవనుంచి తప్పుకొన్నాయి. తగిన ఇంజిన్ మాత్రం చివరిదాకా దొరకలేదు. ఆ కథ ఇంకా ముగియలేదు. 2001 జనవరి 4న అదే రన్‌వే మీదినుంచి ఎగిరిన తేజస్ రూపకల్పనకు సారథ్యం వహించింది మన తెలుగాయన కోట హరినారాయణగారు. తేజస్ కోసం కావేరి అని మన ఇంజిన్ ఒకటి చేయాలని ఏళ్ళ తరబడి పాటుపడినా, తేజస్ ఎగిరేది అమెరికా ఇంజిన్‌తోనే. విమానం గీయడం కంటే ఇంజిన్ చేయడం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ వ్యాసం ఇంట్లో చదివి వినిపిస్తా ఉంటే మా చెల్లెలు కూడా వచ్చి కూర్చొనింది. అది సెకండ్ పీయూసీ సైన్స్. మెకానికల్ డిప్లొమా చేసి విమానాల ఇంజిన్ పని నేర్చుకొంటానని రెండేళ్ళనుంచి పోరు పెడతా ఉంది. గ్రీసు పూసుకొనే పని ఆడపిల్లకెందుకని అమ్మ. నేను కూడా అమ్మ పక్షమే ఉంటి, నిజం చెప్తున్నా. ఆ పొద్దు కరెంటు పోయింది. తాత అలవాటుగా ఫ్యాన్ వైపు చూసినాడు. చెల్లెలు ఆయనకంటే ముందే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండు దగ్గర ఫ్యాన్ నిలిచింది. బేరింగు బాగుందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకొన్నట్టు కాదు, కాని ముందు మాదిరి కాదనలేదు కూడా.

మహనీయుల జీవితం రాస్తే చివర వాళ్ళనుంచి ఏం నేర్చుకోవాలో రాయమంటారు. విమానం నడిపే ధైర్యం నాకు లేదు, నేర్చుకొంటానని అబద్ధం చెప్పను. నేను నేర్చుకొన్నది సంతకం గురించి. మనం రోజూ ఎన్ని చోట్ల చూడకుండా సంతకం పెడతామో! హాజరు పట్టీలో స్నేహితురాలికి బదులు మనమే పెట్టేస్తాం. చూశాను, సరిగా ఉంది అని రాసేముందు నిజంగా చూడాలని, మన మాట నమ్ముకొని ఒక మనిషి పైకి పోతా ఉంటాడని ఇంతకుముందు నాకు తోచలేదు.

ఈసారి మీరు బెంగళూరు బస్సులో పోయేటప్పుడు టిన్ ఫ్యాక్టరీ దాటినాక ఫోన్ కొంచెం పక్కన పెట్టి ఎడమపక్క చూడండి. ఆ రోడ్డు హెచ్.ఎ.ఎల్. వైపే పోతుంది. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్.ఎ.ఎల్. మ్యూజియం ఉంది, అందులో మరుత్ ఒకటి నిలబడి ఉంది. దసరా సెలవుల్లో తాతనూ చెల్లెల్నీ పిల్చుకొని పోదామనుకొన్నాం. అమ్మ కూడా వస్తానంది.

బి.ఎ. రెండో సంవత్సరం